కాలేజీ నైతిక నియమావళి రాసే పని మీ మీద పడిందా?

మా జిల్లాలో ఏ కాలేజీలో చూసినా ఈ పని చివరికొచ్చి కెమిస్ట్రీ వాళ్ల నెత్తినో, తెలుగు వాళ్ల నెత్తినో పడతాది. కెమిస్ట్రీ వాళ్లకి పర్యావరణం తెలుసనీ, తెలుగు వాళ్లకి నీతి తెలుసనీ మేనేజ్‌మెంట్ల లెక్క. నాది కెమిస్ట్రీ. నెల్లూరు జిల్లాలో, కోవూరు వైపు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తూ, ఐక్యూఏసీ (కాలేజీ నాణ్యత చూసే విభాగం) ఫైళ్లు కూడా మోస్తూ మా కాలేజీకి నియమావళి రాశాను. ఆ తర్వాత తెలిసినవాళ్లు అడిగితే వాళ్ల ముసాయిదాలూ దిద్దాను. "మేడమ్, మీ ఫైలు పంపండి, పేరు మార్చుకుంటాం" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఫైలు పంపను. ఎలా రాయాలో మాత్రం ఎంతసేపైనా చెప్తాను.

ఎందుకు పంపనో కూడా చెప్తా. నా చేతికొచ్చిన ఒక ముసాయిదాలో ఆరో పేజీలో ఎక్కడిదో ఉత్తరాది కాలేజీ పేరు అట్నే ఉండిపోయింది. దాని కింద "చలికాలంలో రూమ్ హీటర్ల వాడకం తగ్గించుకోవాలి" అని ఒక నియమం. రోహిణి కార్తెలో తారు రోడ్డు మీద చెప్పులు అంటుకుపోయే ఊళ్లో హీటర్లు! దాని మీద గవర్నింగ్ బాడీ సంతకాలు కూడా ఉన్నాయి. అంటే ఎవరూ చదవలేదన్నమాట.

నియమావళిలో నీతితో పాటు పర్యావరణమూ ఉండాలి కాబట్టి ముందుగా చదువుకోవాల్సింది కొంచెం ఉంది. సుస్థిరాభివృద్ధి అనే మాటని ప్రపంచమంతా నోట పట్టింది 1987లో, బ్రంట్లాండ్ కమిషన్ నివేదికతో. రేపటి తరాల అవసరాలకి గండి కొట్టకుండా ఈ తరం అవసరాలు తీర్చుకోవడం అని దాని నిర్వచనం. విశ్వవిద్యాలయాలు దీన్ని తమ బాధ్యతగా ఒప్పుకుని సంతకం చేసిన మొదటి పెద్ద పత్రం 1990 నాటి తల్వార్ ప్రకటన. ఫ్రాన్స్‌లో ఆ పేరున్న ఊళ్లో వైస్ చాన్సలర్లూ, అధ్యక్షులూ కూర్చుని పది అంశాలు రాసుకున్నారు. 2015లో ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు పెట్టింది, గడువు 2030. మన దగ్గర రాజ్యాంగంలోనే 51ఎ(జి) ఉంది: అడవులు, చెరువులు, నదులు, వన్యప్రాణులను కాపాడటం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి. 1976లో 42వ సవరణతో చేర్చారు. ఉన్నత విద్యాసంస్థల్లో నైతిక విలువల మీద యూజీసీ 'మూల్య ప్రవాహ్' మార్గదర్శకాలు 2019లో వచ్చాయి, 2023లో సవరించారు. ఇవి ఒక సాయంత్రం పని. వీటిని నియమావళిలో అతికించొద్దు. ముందుమాటలో రెండు వాక్యాలు చాలు. ఆ 17 రంగు గళ్ల పోస్టరైతే అసలే వద్దు. అది పెట్టగానే పని అయిపోయిందనిపిస్తుంది, అదే దాంతో చిక్కు.

అట్నే ఇప్పటికే చట్టంలో ఉన్నవాటిని తిరగరాయొద్దు. ర్యాగింగ్‌కి 2009 రెగ్యులేషన్లు, లైంగిక వేధింపులకి 2013 చట్టం, గ్రంథచౌర్యానికి 2018 రెగ్యులేషన్లు ఉన్నాయి. "ఇవి యథాతథంగా వర్తిస్తాయి" అని ఒక వాక్యం రాసి, సంబంధిత కమిటీ పేరు పెట్టండి. ఆ 2018 రెగ్యులేషన్లని మాత్రం ఒకసారి శ్రద్ధగా చూడండి, నియమం ఎలా రాయాలో తెలుస్తుంది. వేరేవాళ్ల రాతతో పోలిక పది శాతం దాకా ఉంటే శిక్ష లేదు. పది నుంచి నలభై దాకా ఉంటే ఆర్నెల్లు దాటని గడువులో దిద్ది తిరిగివ్వాలి. నలభై నుంచి అరవై దాకా ఉంటే ఏడాది పాటు థీసిస్ ఇవ్వడానికి లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అంకె ఉంది, దాటితే ఏమవుతుందో ఉంది. మన పర్యావరణ నియమాల్లో ఈ రెండూ ఉండవు. "కట్టుబడి ఉంది", "కృషి చేస్తుంది", "ప్రోత్సహిస్తుంది" — ఈ మూడు క్రియలు కనపడితే కొట్టేయండి, మీ ముసాయిదా సగానికి తగ్గుతుంది.

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు కాలేజీ అంతా ఒక చుట్టు తిరగండి. స్టోర్స్ రిజిస్టరు, కరెంటు బిల్లుల ఫైలు చంకలో పెట్టుకుని తిరగాలి. తోడుకి ప్రిన్సిపాల్ని కాకుండా అటెండర్ని తీసుకెళ్లండి. ఏ పంపు కారతాదో, ఏ గదిలో మనుషుల్లేకుండా ఫ్యాన్లు తిరగతాయో ఆయనకే తెలుసు. నా నియమావళిలో గట్టి వాక్యం ఒకటుందంటే అది మా ల్యాబ్ అటెండరన్న మాటలోంచి వచ్చిందే. "ఇదంతా సింకులో పోస్తే సైడు కాలవలో పడతాది మేడమ్. ఆడ్నించి యాడికి పోద్దనుకుంటుండారు? చెరువుకే గదా!"

ఆయన చూపించింది డైక్రోమేట్. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన ప్రతివాళ్లూ చేసిన ప్రయోగమే: పొటాషియం డైక్రోమేట్‌తో ఇనుము అంచనా. బ్యూరెట్లో నారింజ రంగు ద్రావణం, ఫ్లాస్కులో ఫెర్రస్ ద్రావణం, డైఫినైలమీన్ రెండు చుక్కలు. పచ్చగా మారుతూ మారుతూ ఒక్క చుక్కకి ఊదా నీలం తిరగతాది, పిల్లలు "వచ్చింది మేడమ్" అని అరుస్తారు. ఫ్లాస్కులో మిగిలే క్రోమియం మూడో ఆక్సీకరణ స్థితిది, అది కొంత నయం. అసలు ప్రమాదం బ్యూరెట్లో మిగిలిన నారింజ ద్రావణంలోనూ, బీకరు అడుగున ఉండిపోయినదాంట్లోనూ ఉంది. అది ఆరో స్థితి క్రోమియం, క్యాన్సర్ కారకం. తాగే నీళ్లలో మొత్తం క్రోమియం లీటరుకి 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం. పిల్లలు ఆఖర్న బ్యూరెట్ తిప్పేసి సింకులో వంచి కడిగేస్తారు. పక్క గదిలో మరో లెక్చరర్ ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్‌లో నీటి కాలుష్యం చెప్తుంటారు.

దీనికి పరిష్కారం పెద్ద విద్యేమీ కాదు. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పోయించండి. అది పుల్లగానే ఉండాలి, చాలకపోతే కొంచెం సల్ఫ్యూరిక్ ఆసిడ్ కలపండి. నారింజ రంగు పూర్తిగా పోయేదాకా ఫెర్రస్ సల్ఫేట్ వేయండి. తర్వాత సున్నం నీళ్లు పోస్తూ పీహెచ్ ఎనిమిది, తొమ్మిది మధ్యకి తెండి. బురదలా అడుగుకి దిగుతుంది. పైన తేరిన నీటిలో రంగు లేదని చూసుకుని వదలొచ్చు. బురదని ఆరబెట్టి, పేరు రాసి దాచి, పొల్యూషన్ కంట్రోల్ బోర్డు అనుమతి ఉన్న ఏజెన్సీకే ఇవ్వాలి. ఈ పని గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని లెక్చరర్ చేయాలి, అటెండర్ మీదకి నెట్టకూడదు. ఇంతకన్నా తేలికది ఇంకోటుంది. ఇరవై మిల్లీలీటర్లకి బదులు ఐదు మిల్లీలీటర్లు పిపెట్ చేయించి, చిన్న బ్యూరెట్ ఇస్తే వ్యర్థం నాలుగో వంతుకి దిగుతుంది. సిల్వర్ నైట్రేట్ వాడే క్లోరైడ్ ప్రయోగంలోనైతే తెల్లగా దిగేదాన్ని వడగట్టి దాస్తే వెండి తిరిగొస్తుంది, మేనేజ్‌మెంట్‌కి ఆ సంగతి ముందు చెప్పండి.

ఇప్పుడు నియమం రాయండి. మామూలుగా రాసేది ఇట్లా ఉంటుంది: "సంస్థ ప్రయోగశాల వ్యర్థాల శాస్త్రీయ నిర్వహణకు కట్టుబడి ఉంది." మేం రాసుకున్నది ఇది:

"క్రోమియం, సీసం, పాదరసం, వెండి ఉన్న ద్రావణాలను సింకులో పోయరాదు. పేరు రాసిన డబ్బాలోనే పోయాలి. ప్రాక్టికల్ అయ్యాక డబ్బా ఎంత నిండిందో అటెండరు ల్యాబ్ రిజిస్టరులో రాస్తారు, ఆ రోజు ప్రాక్టికల్ చేయించిన లెక్చరరు సంతకం పెడతారు. డబ్బాలు, సున్నం, గ్లవ్స్ కొనే బాధ్యత ప్రిన్సిపాల్‌ది. అవి లేనప్పుడు ప్రాక్టికల్ ఆపే హక్కు లెక్చరరుకి ఉంటుంది. ఆపినందుకు ఏ చర్యా ఉండదు."

ఆఖరి రెండు వాక్యాల దగ్గర మీటింగులో పెద్ద గొడవే అయింది. "సిలబస్‌లో ఉన్నదాన్ని ఆపడమేంది?" అన్నారు. మీ దగ్గరా అంటారు. ఆ రెండూ వదులుకుంటే పైన రాసిన నాలుగూ నీళ్లలో కలుస్తాయి, ఎందుకంటే కొనాల్సిన వస్తువు కొనకుండా కింది ఉద్యోగి మీద తప్పు మోపడం మన కాలేజీల్లో మహా సులువు. ఒక నియమం రాయగానే దాని వెనక ఏ పదవి ఉందో చూడండి. పదవి పేరు రాయలేకపోతే ఆ నియమం తీసేయండి. ఇరవై పేజీలు నాలుగవుతాయి, కానీండి.

నీళ్లు, కరెంటు, చెత్త కూడా ఇదే పద్ధతి. ఆర్‌ఓ ప్లాంటు వదిలే నీళ్లు ఎటు పోతున్నాయి, వాటిని మరుగుదొడ్లకి మళ్లించేది ఎవరు? పాత కంప్యూటర్లని పాత ఇనప సామాన్ల అంగడికి తూకానికి వేయడానికి లేదు, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం రిజిస్టరైన రీసైక్లరుకి ఇవ్వాలి. క్యాంటీన్లో ప్లాస్టిక్ గ్లాసులు, స్పూన్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. ఇవి ఎలాగూ చట్టాలే కాబట్టి నియమావళిలో పదవి పేరూ, రిజిస్టరు పేరూ మాత్రం రాస్తే చాలు. కట్టడాల గురించి ఒక వాక్యం మాత్రం కచ్చితంగా ఉండాలి: క్యాంపస్‌లో ఉన్న కుంటని గానీ, కాలవని గానీ పూడ్చి ఏమీ కట్టరాదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోవడం చూసిన ఊళ్లవాళ్లం, దీనికి వేరే కారణం చెప్పక్కర్లేదు.

ఫ్లెక్సీల సంగతి. జూన్ 5న పర్యావరణ దినోత్సవానికి "వృక్షో రక్షతి రక్షితః" అని పన్నెండడుగుల ప్లాస్టిక్ ఫ్లెక్సీ కట్టడం మన ఆచారం. సాయంత్రానికి అది ఎవరింటి గడ్డివామి మీదకో చేరతాది. తేదీ, ముఖ్య అతిథి పేరు లేకుండా ఒక గుడ్డ బ్యానరు రాయించుకుంటే ఏళ్ల తరబడి కట్టొచ్చు. అతిథి పేరు బోర్డు మీద చాక్‌పీసుతో రాయండి. మొక్కలు నాటే కార్యక్రమానికి నియమం: నాటినవాళ్ల పేరు కాదు, వచ్చే మే నెలలో నీళ్లు పోసేవాళ్ల పేరు రిజిస్టరులో ఉండాలి. ఏటా అదే గుంతలో కొత్త మొక్క, అదే ఫొటో, చూసీ చూసీ కళ్లు కాయలు కాశాయి.

ఇక డబ్బు. పర్యావరణ నియమావళిలో డబ్బు గురించి ఏముంటుందని అందరూ దాటేసే చోటు ఇదే. నా లెక్కలో అసలు నీతి ఇక్కడే ఉంది.

మన జిల్లాల్లో కాలేజీకి ఎవరిస్తారు? తీరం వెంట రొయ్యల వ్యాపారం, పోర్టు చుట్టూ పరిశ్రమలు, ఒంగోలు దాటితే చీమకుర్తి గ్రానైట్. తప్పేమీ లేదు, ఊరి డబ్బు ఊరి కాలేజీకి రావాల్సిందే. మెట్ల మీద గ్రానైట్ ఎవరిచ్చారో శిలాఫలకం మీద రాసి ఉంటుంది. ఇచ్చినాయన కాలేజీని తర్వాత ఏమడిగాడో ఎక్కడా రాసి ఉండదు. దానికి తోడు మా ల్యాబుల్లో రొయ్యల గుంతల నీళ్ల పరీక్షలు చేస్తాం. ఉప్పదనం, ఆల్కలినిటీ, అమ్మోనియా. కన్సల్టెన్సీ ఆదాయం కింద చూపించుకుంటాం. రేపు అదే గుంతల పక్క ఊరివాళ్లొచ్చి "మా బాయి నీళ్లు ఉప్పెక్కినాయి, చూసి పెట్టండమ్మా" అంటే, అదే ల్యాబు, అదే లెక్చరరు, అదే పరికరం.

ఇదేమీ ఊహించి భయపడేది కాదు. రొయ్యల సాగు మీద జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పిచ్చింది. తీరప్రాంతంలో బావులూ పొలాలూ ఉప్పెక్కడం గురించి కోర్టు ముందు నిలబడ్డ ముఖ్య ఆధారాల్లో ఒకటి నాగపూర్‌లోని నీరి అనే పరిశోధనా సంస్థ నివేదిక. 2005లో తీరప్రాంత ఆక్వా సాగుకి ప్రత్యేక చట్టం, రిజిస్ట్రేషన్ పద్ధతి వచ్చాయి. ఒక ప్రయోగశాల కాగితం అంత దూరం పోతుంది. ఆ కాగితం ఎవరి డబ్బుతో తయారైందో చదివేవాళ్లకి తెలియాలి. 1988లో బొలోనాలో యూరప్ విశ్వవిద్యాలయాలు సంతకం చేసిన మాగ్నా కార్టా మొదటి సూత్రం కూడా ఇదే చెప్తుంది: బోధన, పరిశోధన రాజకీయ అధికారానికీ, ఆర్థిక శక్తికీ లొంగకుండా ఉండాలి.

కాబట్టి నాలుగు మాటలు రాయండి. ప్రతి నివేదిక మొదటి పేజీలో డబ్బిచ్చిన వాళ్ల పేరు ఉండాలి. ఫలితం ఎలా ఉన్నా అసలు రీడింగులు ల్యాబ్ రిజిస్టరులో ఉండాలి, చింపడానికి లేదు. దాతకి ఫలితం ముందుగా చూపించొచ్చు, మార్చే హక్కు ఉండదు. ఆ పరీక్షలో స్వార్థం ఉన్న లెక్చరరు ముందే రాతపూర్వకంగా చెప్పి పక్కకి తప్పుకోవాలి. ఈ నాలుగోది చదవబోయే ముందు మీటింగులో నా సంగతి నేనే చెప్పాను. మా తమ్ముడికి అల్లూరు వైపు రొయ్యల గుంతలున్నాయి, ఆ వైపు నీళ్ల పరీక్షలు నేను చేయను, మినిట్స్‌లో రాసుకోండని. రాసేవాళ్లు ముందు బయటపడితే మిగతావాళ్లకి నోరు తెరవడం తేలికవుతుంది. ఆ రోజే ఇంకో ఇద్దరు చెప్పారు.

పరిశోధన అనగానే ఇంకోటి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల మీద ప్రాజెక్టులు చేసిన పిల్లలకి లెక్కలేదు. ఊరికి పోయి సీసాల్లో నీళ్లు పట్టుకొస్తారు, లెక్కలు కడతారు, సెమినార్లో పేపరు చదువుతారు. నీళ్లిచ్చిన ముసలమ్మకి ఆ బోరు నీళ్లు తాగొచ్చో లేదో ఎవరూ చెప్పరు. లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చు, ఆపైన తాగకూడదని భారత ప్రమాణం. ఈ ముక్క తెలుగులో ఒక కాగితం మీద రాసి, ఆ బోరు అంకె పక్కన వేసి, పంచాయతీలో ఇచ్చి సంతకం తెచ్చుకున్నాకే ప్రాజెక్టు మార్కులు వేయాలి. మా నియమావళిలో పిల్లలకి బాగా నచ్చిన నియమం ఇదే. లెక్చరర్లు మాత్రం సణుగుతున్నారు, ఊరికి రెండోసారి పోవాలి గదా.

నియమావళి కమిటీలో ఎవరుండాలి? ప్రిన్సిపాల్, ఇద్దరు లెక్చరర్లు, ఇద్దరు విద్యార్థులు అని అందరూ వేస్తారు. ల్యాబ్ అటెండరు, స్వీపరమ్మ కూడా ఉండాలి, మీటింగు వాళ్ల డ్యూటీ వేళలోనే జరగాలి. సుస్థిరాభివృద్ధి అంటే చెట్లూ నీళ్లే అనుకుంటాం గానీ ఐక్యరాజ్యసమితి ఎనిమిదో లక్ష్యం గౌరవమైన పని గురించే. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలని విద్యార్థులకి పోస్టరేసి, కలిపి పడేసినదాన్ని కాంట్రాక్టు స్వీపరమ్మ చేత ఒట్టి చేతుల్తో ఏరించే కాలేజీలున్నాయి. జీతం ఏ తేదీలోపు పడాలి, గ్లవ్స్ ఎవరివ్వాలి అనేది కాంట్రాక్టరు ఒప్పందంలో రాయించి, నియమావళిలో ఆ ఒప్పందాన్ని ప్రస్తావించండి. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు కాంట్రాక్టరుకి చెప్పకూడదని కూడా రాయండి.

భాష తెలుగే. ఇంగ్లీషు ప్రతి న్యాక్‌కి (కాలేజీలకి గుర్తింపు ఇచ్చే సంస్థ) కావాలి, దాన్ని తర్వాత చేసుకోండి. వెబ్‌సైట్లో పెట్టారా, అమలు చూసే కమిటీ ఉందా, ఏటా అవగాహన కార్యక్రమాలు జరుపుతున్నారా అని న్యాక్ అడుగుతూ వచ్చిన వాటికి ఎలాగూ జవాబులు దొరుకుతాయి. ముందు అటెండర్లనీ, స్వీపరమ్మల్నీ, హాస్టల్ వంటవాళ్లనీ కూర్చోబెట్టి తెలుగు ముసాయిదా పైకి చదివి వినిపించండి. మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచింది అక్షరాస్యత తరగతుల్లో తమ బతుకు తమకే చదివి వినిపించినాకే. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా పోయింది. ఆ జిల్లాలో ఉండి, ఎవరికీ అర్థం కాని నియమావళి రాస్తే ఎట్లా? మా దగ్గర చదువుతుంటే స్వీపరమ్మ మధ్యలో ఆపి, "వ్యర్థ పదార్థాలు అంటే చెత్తేనా అమ్మా? చెత్త అని రాయకూడదా?" అంది. చెత్త అనే రాశాం.

గవర్నింగ్ బాడీ ఆమోదం, మినిట్స్‌లో తీర్మానం సంఖ్య, వెబ్‌సైట్లో ప్రతి — ఇవి క్లర్కుకి తెలిసిన పనులే. న్యాక్ తనిఖీ బృందం (పీర్ టీమ్) రావడానికి పక్షం ముందు మాత్రం మొదలుపెట్టకండి, అప్పుడు అంతా కాపీనే అవుతుంది. ఏడాదికోసారి ఒక పేజీ నివేదిక పెట్టండి. దాంట్లో చేసినవి ఒక గడి, చేయలేకపోయినవి ఒక గడి, ఎందుకు చేయలేకపోయామో ఇంకో గడి. మేనేజ్‌మెంట్ రెండో గడి ఖాళీగా ఉంచమంటుంది. అది ఖాళీగా ఉంటే నివేదిక మీద కమిటీ కన్వీనరు సంతకం చెల్లదని నియమావళిలోనే ముందు రాసి పెట్టుకోండి, తర్వాత ఎవరితోనూ వాదించే పనుండదు. నివేదిక చదివే తేదీ కాలేజీలు తెరిచాక జూన్ ఆఖరి వారంలో వేసుకోండి. జూన్ 5న మాత్రం వద్దు, ఆ రోజు అందరూ గుంత దగ్గర ఫొటోల్లో ఉంటారు.